తీసిన చోట చీటీ పెట్టండి

మా దాదిమాకు ఒక రేకు సందూక్ ఉండేది. ఆకుపచ్చ రంగు పోయి తుప్పు తేలిన సందూక్. మంచం కింద రెండు ఇటుకల మీద ఉండేది. పిల్లలం ఎవరం దాన్ని ముట్టడానికి లేదు. పండక్కి ఒకసారి తాళం తీసేది. పైన తన నిఖా నాటి ఎర్ర దుపట్టా. దాని కింద ఖాళీ అత్తరు సీసా. అన్నిటి కింద గుడ్డలో చుట్టిన కాగితాలు. డాంబర్ గోళీల వాసన. "ఏమున్నయ్ దాదిమా అండ్ల?" అంటే "కాగజ్ బేటా, సంభాల్‌కే రఖ్‌నా" అనేది. జాగ్రత్తగా దాచుకోమని. అవి ఏం కాగితాలో ఆమెకూ తెలియదు. ఆమెకు ఖురాన్ చదవడం వచ్చు. ఆ కాగితాల మీది విరుపు రాత చదవడం రాదు. మా అబ్బాకు ఉర్దూ వచ్చు, ఫార్సీ రాదు. నాకు ఉర్దూ కూడా కూడబలుక్కుంటేనే వస్తుంది. మూడు తరాల్లో మా ఇంటి పెట్టె మాకే పరాయిదైంది.

2019 డిసెంబర్‌లో పౌరసత్వ చట్టాన్ని సవరించారు. వెనకాలే పౌర పట్టిక వస్తుందన్నారు. కాగితాలు చూపించాలన్నారు. ఆ చలికాలం మా బస్తీలో మంచాల కింద సందూకులన్నీ బయటికొచ్చాయి. జిరాక్సు షాపుల ముందు ముసలివాళ్ళు వరస కట్టారు. ఎవరి చేతిలో చూసినా మడతలు పడ్డ కాగితాలు. చిరుగుతాయని భయపడి లామినేషన్ చేయించుకున్నారు. నేనూ మా సందూక్ తెరిచాను.

అందులో రెండు కాగితాల సంగతి చెప్పాలి. ఒకటి మా ముత్తాత తండ్రి కాలపు సనద్. మందంగా, మీగడ రంగులో ఉంది. మడత విప్పితే మెల్లగా విచ్చుకుంది. సిరా ఇంకా నల్లగా మెరుస్తోంది. రెండోది మా తాత 1949లో పెట్టుకున్న అర్జీ నకలు. పోలీస్ యాక్షన్ తర్వాత కొలువు పోయింది, తిరిగి ఇప్పించండి అని. అది బెల్లం రంగులోకి తిరిగింది. మడత విప్పగానే నా చేతిలోనే నాలుగు ముక్కలైంది. మడత పడ్డ చోట ఉన్న ఊరి పేరు పొడిగా రాలిపోయింది. నూటయాభై ఏళ్ళ కాగితం బతికింది. డెబ్భై ఏళ్ళ కాగితం చచ్చిపోయింది.

ఇందులో విచిత్రమేమీ లేదు. తేడా కాగితం పుట్టుకలోనే ఉంది. పాత కాగితం గుడ్డపేలికలూ నారా తాళ్ళూ నానబెట్టి, దంచి, చేత్తో తీసిన కాగితం. దౌలతాబాద్ దగ్గరి కాగజీపురాలోనూ, మన కోరుట్లలోనూ తరాల తరబడి ఇదే పని చేసిన కుటుంబాలున్నాయి. గంజి పెట్టి ఆరబెట్టి నున్నటి రాయితో రుద్ది మెరుపు తెచ్చేవాళ్ళు. దాని మీద మసీ తుమ్మ జిగురూ కలిపిన సిరాతో రాసేవాళ్ళు. ఆ సిరా కాగితాన్ని తినదు. 19వ శతాబ్దం సగం గడిచాక కర్రగుజ్జు కాగితం వచ్చింది. సిరా పాకకుండా దానికి పటికా ఒక రకం చెట్టు బంకా పట్టించారు. చవకైంది, అందరికీ అందింది. కానీ పటిక నుంచి మెల్లగా ఆమ్లం పుడుతుంది. కర్రలోని పదార్థం గాలికీ వెలుతురుకీ పసుపు తిరుగుతుంది. ఆమ్లం లోపలి పీచుని కొంచెం కొంచెంగా తెంపుతుంది. ఎవరూ ముట్టకపోయినా ఆ కాగితం తనను తాను తింటూనే ఉంటుంది.

అంటే నవాబుల కాలపు కాగితాలకు ఆయుష్షు ఎక్కువ. మా తాతల అర్జీలకూ, వాంగ్మూలాలకూ, కొలువు పోయిన వాళ్ళ మొరలకూ ఆయుష్షు తక్కువ. ఫర్మానా బతుకుతుంది, అర్జీ చస్తుంది. ఈ దేశంలో ముస్లిం అనగానే నవాబూ కోటా బిర్యానీయే గుర్తొస్తాయెందుకో, దూదేకుల సాయిబూ, బీడీలు చుట్టే ఖాలా, సైకిల్ షాపు మామూ గుర్తు రారెందుకో నేను చాలాసార్లు అడిగాను. దానికి జవాబుల్లో ఒకటి నా చేతిలో నాలుగు ముక్కలై కనబడింది. ఆ ముక్కల్ని పట్టుకొని, కాగితాలు ఎట్లా దాచాలో తెలుసుకోవాలని బయల్దేరాను. తెలుసుకున్న కొద్దీ ఇది గుమాస్తాల పని మాత్రమే కాదనిపించింది. పెట్టెలో ఎవర్ని ఎవరి పక్కన పెడుతున్నాం, పెట్టె మీద ఏం పేరు రాస్తున్నాం అన్నది మన ఉనికి సమస్య.

మంచి పెట్టె అంటే ఏమిటో ముందు చెప్తాను. ఆమ్లం లేని అట్టతో చేసింది కావాలి. ఆ అట్టలో కొంచెం సుద్ద కలుపుతారు. కాగితంలో పుట్టే ఆమ్లాన్ని సుద్ద విరుస్తుంది. మామూలు అట్టపెట్టె తన ఆమ్లాన్ని తనే కాగితానికి అంటిస్తుంది. పెట్టెలో కాగితాలు కిక్కిరిస్తే తీసేటప్పుడు అంచులు చిరుగుతాయి. వదులుగా ఉంటే నిలబడలేక వంగిపోతాయి. ఖాళీ ఉంటే అట్టముక్కతో నింపాలి. పెద్ద పటాల్ని పడుకోబెట్టాలి. పెట్టెని నేల మీద పెట్టకూడదు, జానెడు ఎత్తున ఉంచాలి. నీళ్ళు మొదట వచ్చేది నేలకే. బయటి గోడకు ఆనించకూడదు, చెమ్మ అక్కడి నుంచే వస్తుంది. ఇనుప గుండుసూదులూ క్లిప్పులూ తీసెయ్యాలి, తుప్పు కాగితాన్ని కాలుస్తుంది. వార్తాపత్రిక ముక్కని మంచి కాగితం పక్కన పెడితే దాని పసుపు దీనికి అంటుతుంది. దాన్ని వేరే కవరులో పెట్టాలి.

ఇక్కడే అసలు సంగతి ఉంది. వేరే కవరులోకో వేరే పెట్టెలోకో మార్చిన ప్రతిసారీ, తీసిన చోట ఒక చీటీ పెట్టాలి. "ఇక్కడ ఉండాల్సిన ఫలానా కాగితం ఫలానా పెట్టెలో ఉంది" అని. వెళ్ళిన చోటా ఇంకో చీటీ ఉండాలి. "ఇది ఫలానా కట్ట నుంచి వచ్చింది" అని. కాగితాన్ని వేరు చేయడం తప్పు కాదు. ఒక్కోసారి కాపాడడానికి వేరు చేయాల్సిందే. చీటీ లేకుండా వేరు చేయడం తప్పు. చీటీ లేకపోతే ఆ కాగితం అక్కడెప్పుడూ లేనట్టే అవుతుంది. తీసింది అనాథ అవుతుంది. మిగిలింది అబద్ధం అవుతుంది.

ఈ ఒక్క నియమాన్ని పట్టుకొని మన చరిత్రనీ మన సాహిత్యాన్నీ చూడండి. ఎక్కడెక్కడ చీటీ లేకుండా తీసేశారో కనపడుతుంది.

ముందు చరిత్ర. హైదరాబాద్ తార్నాకలోని స్టేట్ ఆర్కైవ్స్‌లో కోట్ల కొద్దీ కాగితాలున్నాయి. ఎక్కువ భాగం ఫార్సీ, ఉర్దూ. ఆసఫ్‌జాహీల దఫ్తర్లలో ఫార్సీ నడిచింది. 1880లలో దాని స్థానంలోకి ఉర్దూ వచ్చింది. అందులో షాజహాన్, ఔరంగజేబు కాలపు దక్కన్ మొగలు రికార్డులూ ఉన్నాయి. ఈ మాట చెప్పగానే చాలామంది తెలుగు మిత్రులు "అబ్బో, మీ వాళ్ళ కాగితాలు చాలా ఉన్నాయే" అంటారు. మా వాళ్ళ కాగితాలట! రాసిన లిపిని చూసి వారసుల్ని తేల్చేశారు. ఆ కాగితాల్లో ఏముందో ఎవరైనా చూశారా? ఏ ఊరి చెరువుకు ఎంత ఖర్చయింది, ఏ రైతు ఎంత శిస్తు బాకీ, ఏ గుడికి ఏ ఇనాం, ఏ మఠానికి ఏ భూమి అన్న లెక్కలే ఎక్కువ. రెడ్డి అర్జీ ఉర్దూలో ఉంటుంది. బ్రాహ్మణుడి అగ్రహారం తగాదా ఫార్సీలో ఉంటుంది. మాదిగ వెట్టి మీద వచ్చిన ఫిర్యాదు మీద హుకుం ఉర్దూలో ఉంటుంది. తెలంగాణ జనం మొత్తం ఆ పెట్టెల్లో ఉంటే, పెట్టె మీద పేరు మాత్రం మాది రాశారు. ఆ పెట్టె తెరిచే బాధ్యత కూడా మా మీదే వేసి వెళ్ళిపోయారు.

తెలంగాణ రైతుకు సేత్వార్ అంటే ఏమిటో తెలుసు. ఖాస్రా పహాణీ తెలుసు. ఫైసల్ పట్టీ తెలుసు. భూమి తగాదా వస్తే ఆ పాత సేత్వార్ దాకా పోవాలి. అది ఉర్దూలో ఉంటుంది. చదివి పెట్టే ముసలి మున్షీ కోసం రైతు తిరుగుతాడు. అర్జీ, నకలు, రసీదు, దస్తావేజు, తహసీలు, జమాబంది, వకాల్తా. రోజూ మీ నాలుక మీద ఆడే ఈ మాటలన్నీ ఆ పెట్టెల్లోంచి వచ్చినవే. నాలుక మీద సొంతమైన మాట పెట్టెలోకి పోగానే పరాయిది ఎట్లా అయింది?

నేను ఒక పాత రికార్డు గదికి వెళ్ళాను. ఏ ఊరో అనవసరం, చాలా ఊళ్ళలో అట్లాగే ఉంది. ఎర్ర గుడ్డలో కట్టిన బస్తాలు గది నిండా. పై అరల్లో ఇంగ్లీషు ఫైళ్ళు, నడుమ తెలుగు ఫైళ్ళు. కింది అరలో, కొన్ని నేల మీదే, ఉర్దూ కట్టలు. వాటి మీద పెన్సిల్‌తో "ఇతరములు" అని రాసుంది. "ఏం ఇతరములు సార్?" అని అడిగాను. "ఏమో, చదివేవాళ్ళు లేరు. తురకంలో ఉన్నవన్నీ అట్లనే రాసిన్రు" అన్నాడు గుమాస్తా. ఆయనలో ద్వేషం లేదు. నాకు చాయ్ కూడా తెప్పించాడు. చదవలేని దాన్ని "ఇతరములు" అనడం ఆయన కనిపెట్టింది కాదు. పైవాళ్ళు నేర్పిందే. నేల మీద నీళ్ళు వస్తే మొదట తడిసేది ఆ ఇతరములే. చెదలు మొదట ఎక్కేది ఆ ఇతరములకే. ఎవరూ కాల్చక్కరలేదు. కింది అరలో పెట్టి, పేరు రాయకుండా వదిలేస్తే చాలు.

రికార్డుల శాస్త్రంలో ఒక పెద్ద సూత్రం ఉంది. కాగితాల్ని భాషను బట్టో మతాన్ని బట్టో విషయాన్ని బట్టో విడగొట్టకూడదు. ఏ దఫ్తర్‌లో పుట్టిందో ఆ దఫ్తర్ పేరుతో, ఏ వరసలో ఉందో ఆ వరసలోనే ఉంచాలి. ఎందుకంటే ఒక కాగితానికి అర్థం దాని పక్క కాగితంతో వస్తుంది. అర్జీ పక్కన హుకుం ఉండాలి. హుకుం పక్కన దాని మీద రైతు పెట్టుకున్న మరో అర్జీ ఉండాలి. అర్జీ తెలుగులో ఉందని ఒక పెట్టెలోకి, హుకుం ఉర్దూలో ఉందని ఇంకో పెట్టెలోకి మార్చారనుకోండి. ఒక పెట్టెలో ఏడ్చే తెలుగు రైతు మిగుల్తాడు. ఇంకో పెట్టెలో ఆజ్ఞాపించే తురక మిగుల్తాడు. మధ్యలో ఆ అర్జీ రాసిపెట్టిన ముస్లిం మున్షీ, ఆ హుకుం అమలు చేసిన హిందూ దేశ్‌ముఖ్ ఇద్దరూ మాయమవుతారు. మన పాఠ్యపుస్తకాల్లో నిజాం కాలం ఇట్లాంటి రెండు పెట్టెల చరిత్ర కాదా?

గోల్కొండ కుతుబ్‌షాహీల కాలపు ఫర్మానాలు కొన్ని ఒకే కాగితం మీద ఫార్సీలోనూ తెలుగులోనూ ఉంటాయి. అటువంటి కాగితాన్ని ఏ పెట్టెలో పెడతారు? ఫార్సీ పెట్టెలో పెడితే తెలుగు పరిశోధకుడు జన్మలో చూడడు. తెలుగు పెట్టెలో పెడితే ఫార్సీ పండితుడికి తెలియదు. మధ్యకి చింపి సగం సగం పెట్టలేరు కదా! ఆ కాగితాన్ని చూసినప్పుడల్లా నాకు నేనే గుర్తొస్తాను. ఇంట్లో అమ్మీ అని పిలిచి, బయట తెలుగులో ఏడ్చి, తెలుగులో కవిత్వం రాసుకునే నన్ను ఏ పెట్టెలో పెడతారు? చింపకుండా పెట్టే పెట్టె మీ దగ్గర ఉందా?

ఇక సాహిత్యం. తెలంగాణలో కవులే లేరని ఎవరో అన్నారని సురవరం ప్రతాపరెడ్డి 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక తెచ్చాడు. అది పుస్తకమే గానీ పని చేసింది రికార్డు పెట్టెలాగే. లేరు అన్న మాటకు ఉన్నారు అని కాగితాలు ముందు పెట్టడమే జవాబు. తెలుగులో రాసిన ముస్లింల విషయంలోనూ అదే చేయాల్సి వచ్చింది. సయ్యద్ నశీర్ అహమ్మద్ 2010లో 'అక్షర శిల్పులు' పేరుతో తెలుగు ముస్లిం రచయితల వివరాలు ఒకచోట చేర్చాడు. ఎవరూ పెట్టని పెట్టెని ఒక మనిషి పెట్టాడు. అయితే మన సాహిత్య చరిత్రకారులేం చేయాలి? ఉమర్ ఆలీషా పేరు ఆ పుస్తకంలో ఉంటే సరిపోదు. ఆయన కాలపు తెలుగు పద్యం గురించి రాసే పేజీలోనూ ఉండాలి. పేరు లేకపోతే కనీసం చీటీ ఉండాలి. ఉందా? చూసి చెప్పండి.

ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' 1991లో వచ్చింది. 'జల్‌జలా' కవితా సంకలనం 1998లో వచ్చింది. అప్పుడు విమర్శకులు ఒక కొత్త పెట్టె తెచ్చారు. "ముస్లింవాద కవిత్వం" అని పేరు రాశారు. ఆ పేరు మేమూ ఒప్పుకున్నాం. లేని పెట్టె కన్నా వేరే పెట్టె నయం. ఎందుకు ఒప్పుకోం? ఆ పెట్టె కోసం మేము కొట్లాడాం. కానీ ఆ తర్వాత ఏమైంది? తెలుగు కవిత్వంలో ప్రతీకల గురించి వ్యాసం రాసేటప్పుడు ఆ పెట్టె తెరవరు. తెలుగు కథలో తల్లి పాత్ర గురించి రాసేటప్పుడు మా అమ్మీ కనపడదు. మైనారిటీల మీద సదస్సు పెట్టినప్పుడే తాళంచెవి వెతుకుతారు. పెట్టె వేరు చేయడం వరకూ మా డిమాండు. చీటీ పెట్టకపోవడం మీ నిర్లక్ష్యం. ఈ రెంటినీ కలిపేసి "మీరే వేరు పడ్డారు కదా" అనకండి.

మొగలు రికార్డుల్లో అర్జ్-ఓ-చెహ్రా అనే కాగితాలున్నాయి. చెహ్రా అంటే ముఖం. కొలువులో చేరిన ప్రతి సవారు పేరూ తండ్రి పేరూ రాసి, నుదురు ఎట్లా ఉంది, కనుబొమలు ఎట్లా ఉన్నాయి, ముఖం మీద మచ్చ ఎక్కడుంది, గాయం గుర్తు ఎక్కడుంది అని వరసగా రాసేవాళ్ళు. గుర్రానికీ అట్లాగే రాసేవాళ్ళు, రంగూ వాతా. ఒకడి బదులు ఇంకొకడు జీతం తీసుకోకుండా ఆ ఏర్పాటు. రాజ్యానికి మనిషి మీద అనుమానం ఇవాళ పుట్టింది కాదన్నమాట. కానీ ఆ అనుమానంలోంచే మనకొక మేలు జరిగింది. షాజహాన్ పేరు అందరికీ తెలుసు. ఎడమ బుగ్గ మీద మచ్చ ఉన్న మామూలు సవారు సంగతి ఈ కాగితాల్లో తప్ప ఎక్కడా లేదు. పుట్టుమచ్చని పుట్టుమచ్చగా రాసిపెట్టిన కాగితాలవి. నేరంగా కాదు. వాటిని చదవాలంటే విరుపు రాత రావాలి, పాత లెక్కల గుర్తులు రావాలి. ఆ చదువు వచ్చినవాళ్ళు మన మధ్య వేళ్ళ మీద లెక్కపెట్టేంత మందే. 2022లో ఇరాన్‌కు చెందిన నూర్ మైక్రోఫిల్మ్ కేంద్రంతో మన స్టేట్ ఆర్కైవ్స్ ఒప్పందం చేసుకుంది, ఫార్సీ కాగితాలు బాగుచేసి కంప్యూటర్లోకి ఎక్కించడానికి. మంచిదే. కాగితం బొమ్మ తీయడానికి యంత్రం చాలు. చదవడానికి ఇక్కడి మనిషి కావాలి. తెలుగు విశ్వవిద్యాలయాల్లో చరిత్ర చదివే పిల్లలకు ఆ రాత నేర్పకపోతే ఆ బొమ్మలూ ఇంకో రకం "ఇతరములే" అవుతాయి.

చీటీ లేకుండా తీసేసిన దానికి అన్నిటికన్నా పెద్ద ఉదాహరణ 1948. సెప్టెంబర్ 13 నుంచి 17 దాకా సైనిక చర్య. ఆ ఏడాది చివర్లో పండిట్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్ తదితరులు జిల్లాలు తిరిగి కేంద్ర ప్రభుత్వానికి నివేదిక ఇచ్చారు. కనీసపు లెక్కగా 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయారని రాశారు. ఆ నివేదికను ప్రభుత్వం అచ్చెయ్యలేదు. భాగాలు అక్కడక్కడ బయటికొచ్చినా, ఢిల్లీలో అప్పటి నెహ్రూ మెమోరియల్ లైబ్రరీలో చూడొచ్చన్న సంగతి జనానికి తెలిసింది 2013లో. అరవై అయిదేళ్ళు. ఆ అరవై అయిదేళ్ళూ మా ఇళ్ళలో ముసలమ్మలు బావుల గురించి గుసగుసగా చెప్పుకున్నారు. తెలుగు చరిత్ర పుస్తకంలో ఆ పేజీ దగ్గర ఖాళీ కూడా లేదు. ఖాళీ ఉంటే ఏదో తీశారని తెలిసేది. ముందు పేజీని వెనక పేజీకి అతికించేశారు.

ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. అదే నివేదికలో రజాకార్లు హిందువుల మీద చేసిన దౌర్జన్యాలూ ఉన్నాయి. పెట్టె తెరిస్తే మనకు నచ్చేవే రావు. మన తాతల బాధలు వచ్చిన పెట్టెలోంచే మన తాతల్లో కొందరి పాపాలూ వస్తాయి. ఆ కాగితాన్ని మాత్రం పక్కన పెడదాం అంటే మనకూ వాళ్ళకూ తేడా ఏముంది? దాన్నీ దాని వరసలోనే ఉంచాలి.

2017 నవంబర్‌లో హైదరాబాద్‌లో వక్ఫ్ బోర్డు రికార్డు గదికి ప్రభుత్వమే సీలు వేయించింది. అక్రమాలు ఆపడానికన్నారు. అక్రమాలు లేవని నేననను. కానీ మూసిన గదిలో కాగితానికి ఏమవుతుందో ఎవరైనా ఆలోచించారా? గాలి ఆడదు. చెమ్మ పడుతుంది. బూజు పడుతుంది. కోర్టులో మసీదు భూమి కేసు నడుస్తుంటే ముంతఖబ్ తెమ్మనేవాళ్ళు. అది సీలు వెనక ఉండేది. 2025లో వక్ఫ్ చట్టం మార్చాక కాగితం విలువ ఇంకా పెరిగింది. తరాలుగా నమాజు చేస్తున్నాం అన్న మాట ఒక్కటే ఇక చాలదు, దస్తావేజు ఉందా అంటున్నారు. కాగితం అడిగే చేయీ, కాగితానికి తాళం వేసే చేయీ ఒకటే అయినప్పుడు మనం ఎటు పోవాలి?

ఇంతదాకా వాళ్ళని అన్నాను. ఇక మనల్ని మనం అనుకోవాలి. లేకపోతే ఇది విమర్శ కాదు, ఏడుపు.

2019లో జిరాక్సు షాపులో మనం చేసిన పని చూడండి. నూరేళ్ళ నిఖానామాని వేడి ప్లాస్టిక్ మధ్య పెట్టి అతికించాం. ఇక అది ఊడదు. లోపల ఆమ్లం బయటికి పోదు, వేడికి సిరా పాడవుతుంది, కొన్నేళ్ళకి ప్లాస్టిక్కే పసుపు తిరుగుతుంది. భయంతో కాపాడుకోబోయి మన చేత్తో మనమే చంపుకున్నాం. చిరుగులకి సెల్లోటేపు అంటించాం. దాని జిగురు గోధుమరంగు మచ్చై అక్షరాల్ని మింగుతుంది. పేజీ తిప్పడానికి వేలు నాలుక మీద పెట్టుకుంటాం. మసి సిరా నీటికి కరుగుతుంది. ఆ తడికి అక్షరం అలుక్కుపోతుంది. పాత రికార్డుల మీద పురుగులకని గమాక్సిన్ లాంటి మందులు చల్లిన రోజులున్నాయి. ఆ వేలు మళ్ళీ నోట్లోకే పోతుంది.

పాత ఖురాన్ ప్రతులు చిరిగిపోతే అదబ్‌తో భూమిలో పెడతాం, లేదా పారే నీళ్ళలో వదుల్తాం. మంచిదే. కానీ ఆ ప్రతి అట్ట లోపలి ఖాళీ పేజీలో మన పూర్వీకులు పిల్లల పుట్టిన తేదీలు రాసుకున్నారు. ఎవరు ఎప్పుడు పోయారో రాసుకున్నారు. మసీదు మూలన పెట్టిన పెట్టెలో వేసేముందు ఆ పేజీ ఒకసారి చూశామా? ఆడవాళ్ళ పుట్టుక రాసి ఉన్న కాగితం ఆ ఇంట్లో అదొక్కటే కావచ్చు. మెహర్ ఎంత రాశారో తెలిపే నిఖానామా దాదిమా సందూక్‌లోనే ఉంటుంది. ఆమె పోగానే బట్టలు పంచుకుంటాం, ఇనుము అమ్ముకుంటాం, కాగితాలు పొయ్యిలోకి పోతాయి. ఖౌమ్ చరిత్ర అని వేదికల మీద అరిచే మగవాళ్ళం, ఆడవాళ్ళ కాగితాల్ని చిత్తుగా చూడలేదా?

ఈమధ్య మనవాళ్ళు కొందరు ఊరూరూ తిరిగి పాత కాగితాలు సేకరిస్తున్నారు. వాళ్ళకు నా సలాం. ఒక్క మనవి. ఒక ఇంట్లో కట్ట దొరికితే ఉర్దూ కాగితాలు మాత్రం ఏరుకొని తెలుగు రసీదులు వదిలేసి రాకండి. ఆ తెలుగు రసీదు ఆ ఇంటి సాయిబుకి పక్కింటి గౌడు బాకీ తీర్చినప్పుడు రాసిచ్చింది. ఆ రెండు ఇళ్ళ మధ్య ఏముండేదో చెప్పే సాక్ష్యం అదే. మీరు ఏరిన మరుక్షణం మీరూ ఆ రికార్డు గది గుమాస్తా చేసిన పనే చేస్తున్నారు. కట్టని కట్టగా తీసుకోండి. పైన ఏ ఇల్లు, ఏ ఊరు, ఏ రోజు, ఎవరిచ్చారు అని పెన్సిల్‌తో రాయండి. పెన్ను వద్దు. చేతులు సబ్బుతో కడిగి బాగా తుడుచుకోండి. కాగితానికి చేతి తొడుగులు అక్కర్లేదు. తొడుగు వేసుకుంటే వేలికి స్పర్శ తెలియక అంచు చిరుగుతుంది. ఫొటోలకైతే తొడుక్కోండి. ఒకసారికి ఒకే ఫైలు తీయండి. మడతని బలవంతంగా విప్పకండి. తీసిన చోట చీటీ పెట్టండి.

మిమ్మల్నీ ఒకటి అడుగుతాను, తెలుగు మిత్రులారా. మా కోసం జాలిపడి ప్రత్యేక సంచికలు వేయక్కరలేదు. మీ సొంత పెట్టెలు తెరవండి. మీ తాత సేత్వార్ ఉర్దూలో ఉంటే దాన్ని "తురకం" అనకుండా "మా తాత కాగితం" అనండి. చదవడం నేర్చుకోండి. మేమూ మీతో పాటే నేర్చుకుంటాం. మాకూ రాదు కదా.

మా సందూక్ ఇప్పుడు నా గదిలో ఉంది. కాగితాలు దాంట్లో లేవు, ఆమ్లం లేని అట్టపెట్టెలోకి మార్చాను. సనదూ దుపట్టా ఒకేచోట ఉంచలేను కాబట్టి దుపట్టా వేరే ఉంది. సందూక్ అడుగున ఒక చీటీ పెట్టాను. ఏవి తీశానో, ఎక్కడ పెట్టానో రాశాను. నాలుగు ముక్కలైన మా తాత అర్జీని పారదర్శకమైన కవరులో పక్కపక్కన పేర్చాను, అతికించలేదు. రాలిపోయిన ఊరి పేరు నాకు తెలుసు. దాన్ని కాగితం మీద పూరించలేదు. పక్కన ఇంకో చీటీ మీద పెన్సిల్‌తో రాసి, కింద నా పేరు పెట్టాను. ఆ చీటీని తెలుగులోనూ ఉర్దూలోనూ రాశాను. ఉర్దూ అక్షరాలు వంకరగా వచ్చాయి.